పదో రోజు నీళ్ళు

ఈమధ్య ఒక ఇంజనీరింగు కాలేజీవాళ్ళు నన్ను పిలిచి ముందు వరస కుర్చీలో కూర్చోబెట్టారు. పరిశోధన విద్యార్థులు ఒక్కొక్కరే స్టేజీ ఎక్కి, తాము చేస్తున్న పని మామూలు జనానికి అర్థమయ్యేలా చెప్పాలి. నేను మార్కులు వెయ్యాలి. రిటైరైన దగ్గర్నుంచీ నాకు దొరికే ఉద్యోగాలు ఇవే, జ్యోతి వెలిగించడం, మార్కులు వెయ్యడం. పిల్లలు ఎంత చక్కగా చెప్పారో! ఎక్కడా తడబాటు లేదు, నసుగుడు లేదు. మా పద్ధతితో ఈ జబ్బు ముందే తెలిసిపోతుంది, మా మిషను పెడితే కరెంటు ఆదా అవుతుంది అని తెగేసి చెబుతున్నారు. హాలంతా చప్పట్లు. నేను మాత్రం మార్కులు వెయ్యడం ఆపి పెన్ను కింద పెట్టేశాను. పక్కన కూర్చున్న లెక్చరరమ్మాయి చూసి, "ఏమండీ, ఒంట్లో బాగాలేదా?" అని కంగారుపడింది. బాగానే ఉందమ్మా, పాతదేదో గుర్తొచ్చిందన్నాను. అయితే మా కాలేజీ పత్రికకు రాసివ్వండని పట్టుకుంది. ఇదిగో, రాస్తున్నాను.

డెబ్బైల నాటి మాట ఇది. విజయవాడలో నేను పరిశోధన విద్యార్థిని. మా నాన్నగారు మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. ఆడపిల్ల ఇంజనీరింగు చదవడమే మా చర్చిలో వింత. ఆ పైన పరిశోధన కూడా అనేసరికి పాస్టరమ్మగారు నా పెళ్ళి సంగతి ఆదివారం ప్రార్థనలో కలిపేశారు. నా పని కంప్యూటరుకు ప్రోగ్రాములు రాయడం. కంప్యూటరు మాత్రం మా దగ్గర లేదు, మద్రాసులో ఉండేది. ప్రోగ్రాము మొత్తాన్ని అట్టకార్డుల మీద చిల్లులుగా పొడిపించి, ట్రంకుపెట్టెలో సర్ది రైల్లో పంపేవాళ్ళం. ఒక్క కార్డు వరస తప్పినా పెట్టె పెట్టెలాగే తిరిగొచ్చేది, ఎక్కడో తప్పుందని ఒక్క ముక్క రాసిన కాగితంతో. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. నవ్వండి, మాకూ నవ్వే వచ్చేది, ఏడుపు అయిపోయాక.

మిషను లెక్క నాది, కాలువ లెక్క అతనిది. అతనంటే నాతోపాటే చేరిన సివిలు విద్యార్థి. కంకిపాడు దగ్గర మోతుబరి రైతుల ఇంటి పిల్లాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఏ మాటకైనా ముందొక షరతు తగిలించందే నోరు విప్పేవాడు కాదు. టీకి వెళ్దామా అంటే, "కొట్టు తీసుంటే వెళ్దాం" అనేవాడు. రేపు తొందరగా వస్తావా అంటే, "బస్సు దొరికితే వస్తా" అనేవాడు. మేం తెగ ఆటపట్టించేవాళ్ళం గానీ, లోపల నాకు అతనంటే గౌరవం. తెలియనిది తెలిసినట్టు చెప్పడం అతనికి రాదు.

అతని పరిశోధన ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. ఎండాకాలం కాలువలు కట్టేస్తారు, వానాకాలం ముందు మళ్ళీ వదులుతారు. నీళ్ళు ముందు పై ఊళ్ళకు వస్తాయి. కాలువ చివర, సముద్రం వైపున్న శివారు ఊళ్ళకు ఎప్పటికో చేరతాయి. ఎప్పటికో అంటే ఎప్పటికి? అది ఏ యేడూ ఎవరూ చెప్పలేకపోయేవాళ్ళు. పై ఊళ్ళ రైతులు తమ చేలకు నీళ్ళు పారించే తూములు వంతు ప్రకారం తీసి, వంతు కాగానే మూసేస్తే, శివారుకు ఏ రోజుకి నీళ్ళందుతాయో అతను లెక్కకట్టాడు. నేను దాన్ని ప్రోగ్రాముగా రాశాను. మద్రాసు నుంచి జవాబొచ్చింది, కాలువ వదిలిన పదో రోజని. ఆ కాగితం పట్టుకుని ల్యాబులో చిన్నపిల్లల్లా గంతులేశాం.

మా గైడును మేం సారనే పిలిచేవాళ్ళం. మంచి మనిషి. జనం సొమ్ముతో చదువుతున్నాం, జనానికి చెప్పకపోతే ఎలా అన్నది ఆయన పట్టుదల. ఆ రోజుల్లో అలా అనుకునే ప్రొఫెసర్లు అరుదు. మమ్మల్ని ఊరూరా తిప్పి మా పని తెలుగులో చెప్పించాలని పూనుకున్నారు. దానికోసం రిహార్సల్సు పెట్టారు. ఒక సైకిలు బెల్లు తెచ్చి బల్లకు బిగించారు. మాట్లాడేటప్పుడు ఇంగ్లీషు ముక్క దొర్లితే ట్రింగుమని బెల్లు. నసిగితే బెల్లు. ఒకవేళ అంటే బెల్లు, అనుకుందాం అంటే బెల్లు.

"షరతులన్నీ థీసిస్‌లో రాసుకోండి. జనం ముందు మాత్రం ఒక్క మాట, సూటిగా చెప్పాలి. లేకపోతే లేచెళ్ళిపోతారు," అనేవారు.

నాకు తొందరగానే పట్టుబడింది. అతనికి మాత్రం ప్రాణం మీదికొచ్చింది. నోరు తెరిస్తే బెల్లే. పై తూములు వంతు ప్రకారం మూస్తే, అనగానే ట్రింగు.

"సార్, అది తీసేస్తే అసలు లెక్కే లేదండి," అన్నాడు ఒకరోజు దీనంగా.

"ఆ సంగతి నీకూ నాకూ తెలుసు కదయ్యా. వాళ్ళకి పదో రోజని చెప్పు, చాలు," అన్నారు సారు నవ్వుతూ.

మేమందరం నవ్వాం. ఆటలా ఉండేది మాకు. కొన్నాళ్ళకు బెల్లు మోగడం మానేసింది. అతను షరతుల్లేకుండా మాట్లాడటం నేర్చుకున్నాడు. సారు మురిసిపోయి అందరికీ పునుగులు తెప్పించారు.

మొదటి ప్రదర్శన వన్ టౌనులో, ఒక సత్రం హాల్లో జరిగింది. రేకు తాపడం చేసిన పొడుగాటి చెక్కతొట్టి మా కాలువ. దానికి పెట్టిన చిన్నచిన్న తలుపులు తూములు. రంగునీళ్ళు పోసి అతను వాటిని తీసి, మూసి చూపిస్తుంటే, పక్కన నేను కార్డుల గురించి చెప్పేదాన్ని. బేరాలు ముగించుకుని వచ్చిన షావుకార్లు కార్డుల్ని లైటుకేసి పెట్టి చిల్లుల్లోంచి చూశారు. బెల్లం వ్యాపారి ఒకాయన, "అమ్మాయిగారూ, వచ్చే నెల బెల్లం రేటెంతో చెప్పుద్దాండీ ఇది?" అన్నాడు. చెప్పదండీ అన్నాను. "మరి దేనికండీ!" అని చక్కా లేచిపోయాడు. ఆయన వెంట మరో నలుగురు లేచారు. సారు వెనక నుంచి నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. చూశావా, కాదు లేదు అంటే జనం నిలవరు అని దానర్థం.

తర్వాత కంకిపాడు. కాలువలు వదిలే ముందు అక్కడ రైతుల మీటింగు ఒకటి పెట్టారు. ఇరిగేషన్ ఆఫీసరును బతిమాలి అందులోనే మాకూ కాస్త చోటు సంపాదించారు సారు. పందిరి, కుర్చీలు, మజ్జిగ, అన్నీ అతని పెదనాన్నగారు దగ్గరుండి చూసుకున్నారు. ఆ చుట్టుపక్కల ఆయన మాటకు తిరుగులేదు. పై ఊళ్ళ రైతులు ముందు కుర్చీల్లో కూర్చున్నారు. శివారు నుంచి బస్సుల్లో వచ్చినవాళ్ళు వెనక పందిరి గుంజల దగ్గర నిలబడ్డారు. "మావాడండీ, మావాడు," అని పెదనాన్నగారు కనపడ్డవాళ్ళకల్లా చెప్పుకుంటూ తిరిగారు.

అతను ఆ రోజు మాట్లాడినట్టు మరొకరు మాట్లాడగా నేను వినలేదు. రంగునీళ్ళు తొట్టిలో పాకుతూ చివరికి వెళ్తుంటే కుర్చీల్లో ఉన్నవాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. అప్పుడు వెనక నుంచి తలకు కండువా చుట్టుకున్న పెద్దాయన ఒకాయన ముందుకొచ్చాడు. కాలువ మీద ఆఖరి ఊరు ఆయనది.

"బాబూ, ఇదంతా బాగుంది గానీ, మా ఊరికి నీళ్ళెప్పుడొస్తాయో మీ మిషను చెప్పుద్దా?"

అతను సారు వైపు చూశాడు. నా వైపు చూశాడు. తూములు మూస్తే అన్న ఆ మాట నాలిక చివర ఉందని నాకు తెలుస్తూనే ఉంది.

"కాలువ వదిలిన పదో రోజుకి వస్తాయి తాతగారూ."

"వస్తాయంటే, వచ్చినట్టేనా?"

"వచ్చినట్టేనండి."

పందిరంతా చప్పట్లు. సారు కళ్ళు తుడుచుకున్నారు. నా చేతులు కూడా ఎర్రబడేదాకా చప్పట్లు కొట్టాను.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మాలో ఎవరికీ అప్పటికి తెలియని సంగతి. అతను పుట్టింది రైతుల ఇంట్లోనే అయినా, కాలువ పై కొసన పుట్టాడు, అతనికీ తెలియదు. శివారు రైతులు కాలువలో నీళ్ళు కంటితో చూస్తే గానీ విత్తనం నానబెట్టరు. నానిన వడ్లను మండె కట్టి, అంటే తడి గోనెల కింద ఒత్తుగా కప్పిపెట్టి, మొలకెత్తిస్తారు. మొలకొచ్చిన విత్తనం ఆగదు, తడి మడిలో చల్లాలి, లేదా పారెయ్యాలి. అందుకని నీళ్ళు చూశాకే గోనె తడుపుతారు. దానివల్ల వాళ్ళకు ఏటా నారు ఆలస్యం, నాట్లు ఆలస్యం, చివరికి తుఫానుల రోజుల్లో కోత. పదో రోజని ముందే తెలిస్తే కొన్నాళ్ళు కలిసొస్తాయి. కంకిపాడు నుంచి తిరిగెళ్ళినవాళ్ళు ఆ యేడు మా మాట మీద, నీళ్ళు చూడకుండానే విత్తనం నానబెట్టారు. కంప్యూటరు చెప్పిందట అని పక్క ఊళ్ళవాళ్ళూ నానబెట్టారు.

పదో రోజు పొద్దున్నే అతనూ నేనూ బస్సెక్కి ఆ ఆఖరి ఊరికి వెళ్ళాం, నీళ్ళు రావడం కళ్ళారా చూద్దామని. పెళ్ళికి వెళ్తున్నంత సంబరం. నేనైతే కొత్త మంగళగిరి చీర కట్టుకున్నాను. ఊరంతా కాలువ గట్టు మీదే ఉంది. మొలకెత్తిన వడ్ల గంపల్ని నీడన పెట్టి తడి గోనెలు కప్పారు. గోనె ఎత్తితే తెల్లటి మొలకలు, చేతికి వెచ్చగా తగిలాయి. ఆ పెద్దాయన ఎదురొచ్చి, మంచం వాల్చి, తాటిముంజలు తినిపించాడు. అప్పుడు తెలిసింది మాకు, ఏటా వీళ్ళు ఏం చేస్తారో, ఈ యేడు ఏం చేశారో. చేతిలో ముంజ పక్కన పెట్టేశాను. కాలువ అడుగున మట్టి నెర్రెలిచ్చి ఉంది.

మధ్యాహ్నమైంది. "వస్తాయిలే బాబూ, దూరాభారం కదా," అని ఆయనే మాకు ధైర్యం చెప్పాడు. ఎండ వాలింది. ఆడవాళ్ళు బావినీళ్ళు తెచ్చి గోనెల మీద చిలకరిస్తున్నారు. అతను ఒక్కచోట కూర్చోలేకపోయాడు. గట్టు మీద పైకి నడవడం, ఆగి చూడటం, తిరిగి రావడం. చివరికి బస్సు టైమై ఇద్దరం లేచాం. ఎవరూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేది.

మర్నాడు అతను సైకిలు మీద కాలువ పొడుగునా వెళ్ళి చూసొచ్చాడు. పై ఊళ్ళల్లో వంతు అయిపోయిన తూములు కూడా బార్లా తీసున్నాయి. చేలు నిండి గట్లు పొర్లుతున్నాయి. అందులో మొదటి తూము వాళ్ళ పెదనాన్నగారిదే. అడిగితే ఆయన నవ్వేశారట. "నీళ్ళు గుమ్మంలోకొస్తే పెట్టుకోక, నీ లెక్క కోసం చేతులు ముడుచుకు కూర్చోమంటావేంట్రా? ఏటా చేసేదే గదా!" ఆ మాట నిజమే, ఏటా చేసేదే. శివారుకు నీళ్ళు చేరేసరికి గంపల్లో మొలకలు వేడెక్కి కుళ్ళిపోయాయి. మళ్ళీ విత్తనం కోసం వాళ్ళు ఊళ్ళు పట్టుకు తిరిగారు.

శివారువాళ్ళ గోల పడలేక ఆఫీసరు మళ్ళీ కంకిపాడులోనే మీటింగు పెట్టారు. సారు ఆ వారం మద్రాసులో ఉన్నారు. మేమిద్దరమే బయల్దేరాం. మా లెక్క నిలబడితే, శివారు నీళ్ళు ఎక్కడ ఆగిపోతున్నాయో మొదటిసారి ఋజువుతో తేలుతుంది. అప్పుడు వచ్చే యేడు తూములకు తాళాలు వేయించక ఆఫీసరుకు తప్పదు. ఇదంతా బస్సులో అతనే నాకు చెప్పాడు.

"ఇవాళ మొత్తం చెప్తాను. మూయనిదెవరో కూడా చెప్తాను."

"మరి మీ పెదనాన్నగారు?"

"ఆయన తూమే ముందు చెప్తాను," అన్నాడు.

ఆఫీసరు లేవమనగానే లేచాడు. "పదో రోజని నేను చెప్పింది, పై తూములు వంతు కాగానే మూస్తేనండి. మూయలేదు. నేను వెళ్ళి చూశాను. మొదటి తూము మా పెదనాన్నగారిదే," అన్నాడు.

ముందు కుర్చీల్లోవాళ్ళందరూ పెదనాన్నగారి వైపు తిరిగారు. ఆయన కోప్పడలేదు. నిదానంగా లేచారు.

"ఒరే అబ్బాయ్, ఆ మూస్తేనే అన్న ముక్క ఆ రోజు ఇక్కడ చెప్పావా?"

అతను నోరు విప్పేలోగా నేను లేచాను. "మా సారు ఆ మాట తీసెయ్యమన్నారండీ. జనానికి సూటిగా చెప్పాలని మాకు ల్యాబులో..."

"కూర్చో అమ్మా," అన్నారాయన చాలా మర్యాదగా. "మావాణ్ణి వెనకేసుకొస్తున్నావు, సంతోషం. ఇద్దరూ కలిసి తిరుగుతున్నారని విన్నాంలే."

ముందు కుర్చీల్లో నవ్వులు. నా చెవులు కాలిపోయాయి. ఇంకా మాట్లాడబోయాను గానీ, అతను వద్దని చెయ్యి ఊపాడు. ఇంకో మాట అంటే ఆ కబురు మా చర్చిదాకా వస్తుందని నాకంటే ముందు అతనికి తోచింది. అంతలో శివారువాళ్ళలో ఒకతను గుంజ దగ్గర్నుంచి అరిచాడు.

"మీవాళ్ళ తూములని నీకు ముందే తెలుసు గదయ్యా! అందుకే ఆ రోజు నోరు కుట్టేసుకున్నావ్!"

పెదనాన్నగారి మాటకు చలించని మనిషి ఈ మాటకు కుప్పకూలిపోయాడు. నిలబడే ఉన్నాడు గానీ మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆఫీసరు ఆ ఆఖరి ఊరి పెద్దాయన్ని ముందుకు పిలిచారు. "పెద్దాయనా, ఆ రోజు అడిగింది నువ్వే కదా. తూములు మూస్తేనే అని ఈ అబ్బాయి చెప్పాడా, లేదా?"

పెద్దాయన కండువా చెంగులో ఎండి నల్లబడ్డ మొలకలు మూటగట్టి తెచ్చాడు. ఆఫీసరుకు చూపిద్దామని తెచ్చుకున్నాడు కాబోలు, ఆ మూట చేత్తో నలుపుతూనే ఉన్నాడు. చెప్పాడు అని ఒక్క మాట అంటే ఆయన ఊరు గెలుస్తుంది. ఆ సంగతి ఆ పందిట్లో అందరికంటే ఆయనకే బాగా తెలుసు. చాలాసేపు అతని మొహంలోకే చూశాడు.

"చెప్పలేదండి," అన్నాడు.

"లేదండి, చెప్పలేదు," అన్నాడు అతను కూడా.

కంప్యూటరు లెక్క తప్పిందని ఆఫీసరు తేల్చేసి లేచారు. తూముల ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆలోచిస్తే, ఆ రోజు అక్కడ అబద్ధమాడినవాడు ఒక్కడూ లేడు. పెదనాన్నగారు అడిగింది అడగదగ్గ ప్రశ్నే. పెద్దాయన చెప్పింది నిజం. ఆఫీసరు విన్నదాన్నిబట్టే తేల్చారు. సరైన లెక్క మాత్రం తప్పుడు లెక్కయి కూర్చుంది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఇంకా మండుతుంది.

సారు తిరిగొచ్చి అంతా విన్నారు. తప్పు తనదని ఆఫీసరు దగ్గరకెళ్ళి చెప్పారు కూడా. అయిపోయిన మీటింగు సంగతి ఎవరిక్కావాలి? ఆ పైన మా ప్రదర్శనలు ఆపించేశారు. జనంలోకి వెళ్ళి లేనిపోని తంటాలు తెస్తున్నారని మా కాలేజీ పెద్దవాళ్ళు అన్నారట. అతని సంగతి చెప్పాలంటే, పై ఊళ్ళలో సొంతవాళ్ళను బజారుకీడ్చినవాడయ్యాడు, శివారులో సొంతవాళ్ళ కోసం నోరు మూసుకున్నవాడయ్యాడు. ఈ రెండూ ఒక మనిషికి ఒకేసారి ఎలా కుదురుతాయని ఎవరూ అడగలేదు. కొన్ని నెలలకే పరిశోధన మానేసి, ఎక్కడో ఉత్తరాదిన బ్యాంకు ఉద్యోగంలో చేరిపోయాడు. కాలువల గురించి అంత తెలిసిన మనిషి జీవితమంతా కౌంటరు వెనక కూర్చున్నాడు. అందుకు నాకు ఇప్పటికీ బాధే.

పిల్లలూ, చెప్పొద్దని నేననను. చెప్పాలి, మీ పని జనానికి తప్పకుండా చెప్పాలి. మా సారు ఆశ మంచిదే. కాకపోతే, మీ మాటకు ఏ షరతు ఆసరాగా ఉందో ఆ ముక్క మింగకండి. వినలేక లేచిపోయేవాళ్ళు లేచిపోతారు, పోనివ్వండి. కూర్చునేవాళ్ళు కూర్చుంటారు. అలా కూర్చునేవాళ్ళు ఉంటారని నాకెలా తెలుసో చెప్పి ముగిస్తాను.

ఆ మీటింగయ్యాక మేం రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డాం. ఆ పెద్దాయన వెతుక్కుంటూ వచ్చాడు. అతను చేతులు జోడించాడు.

"బాబూ, లెక్క తప్పా?"

"తప్పు కాదు తాతగారూ."

"తెలుసులే. మా నీళ్ళెక్కడ ఆగుతాయో మాకు తెలవదా? చదువుకున్నోళ్ళెవరైనా మీటింగులో నిలబడి ఆ మాట అంటే వినాలని ఆశ. ఇవాళ నువ్వన్నావు. విన్నాను."

"మరి చెప్పాడని మీరనొచ్చు గదండీ!" అన్నాను నేను ఉక్రోషం పట్టలేక.

"అడిగారు, చెప్పానమ్మా. ఏం చెయ్యను?" అన్నాడు. ఆయన గొంతులోనూ ఏడుపే ఉంది. కండువాతో మొహం తుడుచుకుని, "వచ్చే యేడు కాలువ వదిలే ముందు మళ్ళీ రండి. ఇక్కడికి కాదు, మా ఊరే రండి. ఆ తొట్టి తెచ్చుకోండి. ఈసారి మొత్తం చెప్పండి, ఎంతసేపైనా కూర్చుంటాం. బస్సు దిగేచోటికి బండి కట్టుకుని వస్తాను," అన్నాడు.

"వస్తాం తాతగారూ," అన్నాం ఇద్దరం ఒక్కసారే.

మరుసటి యేడు ఆ రోజులకు అతను ఉత్తరాదిన ఉన్నాడు. నేను ట్రంకుపెట్టెడు కార్డులతో మద్రాసులో ఉన్నాను. పెద్దాయన బండి కట్టుకుని వచ్చే ఉంటాడు. మాట తప్పే మనిషి కాదు. మేమే వెళ్ళలేదు.